జాన్ కాటన్ ఉత్తరాల మీద వచ్చిన ఉత్తరాలు

గత సంచికలో ఈ శీర్షికలో రోజర్ విలియమ్స్ గురించి రాశాను. 1635 అక్టోబరులో మసాచుసెట్స్ బే కాలనీ కోర్టు ఆయన్ని బహిష్కరించింది. మరుసటి ఏడాది ఆయన వెళ్లి ప్రావిడెన్స్ ఊరు కట్టుకుని, అక్కడ ఎవరి భక్తి వాళ్లదే అన్నాడు. ఆ వ్యాసం చివర, ఆయనతో ఏళ్ల తరబడి వాదించిన బోస్టన్ బోధకుడు జాన్ కాటన్ గురించి ఒక మాట అన్నాను: కాటన్‌ని విలియమ్స్ పుస్తకాల్లోంచి కాదు, కాటన్ పుస్తకాల్లోంచే తెలుసుకోండి అని. ఉత్తరాలన్నీ ఆ ఒక్క మాట మీదే వచ్చాయి. కొందరికి కోపం కూడా వచ్చింది. వీలైనన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఒక మనిషిని చలికాలంలో ఇల్లు వదిలి పారిపోయేలా చేసినవాళ్లను సమర్థించిన పాస్టరు రాతలు మేమెందుకు చదవాలి? మనస్సాక్షి స్వేచ్ఛ విషయంలో చివరికి గెలిచింది విలియమ్సే కదా?

గెలిచింది విలియమ్సే. ఆ గెలుపు నాకూ సంతోషమే. కానీ ఆనాడు చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది కాటన్ చెప్పిందే సరి అనుకున్నారు. వాళ్లంతా దుర్మార్గులని అనుకుంటే మనకు ఏమీ అర్థం కాదు.

ముందు మనిషి గురించి చెబుతాను. (గోదావరి మీద ఆనకట్ట కట్టిన కాటన్ దొర వేరు. ఈయన ఆయనకు రెండు శతాబ్దాల ముందువాడు.) ఇంగ్లండులోని డెర్బీలో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివాడు. 1612 నుంచి 1633 దాకా లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే ఊళ్లో సెయింట్ బాటల్ఫ్ చర్చికి వికార్‌గా, అంటే ఆ ఊరి చర్చి బోధకుడిగా ఉన్నాడు. బైబిల్లో లేని ఆచారాలను చర్చి బలవంతంగా రుద్దకూడదన్నది ఆయన పట్టుదల. ఆ ఆచారాలను గట్టిగా అమలు చేయించిన బిషప్ లాడ్ పలుకుబడి పెరిగాక అలాంటివాళ్లకు రోజులు దగ్గరపడ్డాయి. ఇంగ్లండు చర్చి వ్యవహారాలు విచారించే హై కమిషన్ కోర్టు పిలిచేసరికి కాటన్ దాక్కున్నాడు. 1633లో పదవికి రాజీనామా ఇచ్చి, గ్రిఫిన్ అనే ఓడలో న్యూ ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. అక్కడి బోస్టన్ సంఘంలో 1652లో చనిపోయేదాకా టీచర్‌గా పనిచేశాడు. ఆ సంఘాల్లో పాస్టరు వేరు, టీచర్ వేరు. వాక్యాన్ని విడమరిచి సిద్ధాంతం చెప్పడం టీచర్ పని.

ఓడలో జరిగిన ఒక విషయం ఆయన ఎలాంటివాడో చూపిస్తుంది. సముద్రం మీద ఉండగానే ఆయనకు కొడుకు పుట్టాడు. సీబోర్న్ అని పేరు పెట్టారు. తండ్రి బోధకుడే, ఓడలో ఇంకా బోధకులున్నారు, అయినా బిడ్డకు బాప్తిస్మం ఇవ్వలేదు. బోస్టన్ చేరాకే ఇచ్చారు. మంచినీళ్లు లేక కాదు, సముద్రపు నీళ్లయినా సరిపోయేవి అని ఆయనే చెప్పాడు. ఓడలో స్థిరపడిన సంఘం లేదు, సంఘం లేని చోట బోధకుడికి ఆ అధికారం లేదు, అందుకే ఇవ్వలేదు. సొంత బిడ్డ విషయంలో, అదీ నడి సముద్రంలో, నమ్మిన నియమానికి ఇంతగా కట్టుబడిన మనిషి పుస్తకాలు ఊరికే కొట్టిపారేసేవి కావు.

ప్రశ్న: "నెత్తుటి సిద్ధాంతం" గొడవ అసలు ఎలా మొదలైంది? ఎవరు ముందు రాశారు?

మొదట రాసింది వీళ్లిద్దరూ కాదు, లండన్‌లోని న్యూగేట్ జైల్లో ఉన్న ఒక బాప్టిస్టు ఖైదీ. ఈ కథ చెప్పింది విలియమ్స్. ఆ ఖైదీకి కలం, సిరా ఇవ్వలేదు. ఆయనకు పాలు తెచ్చే సీసాకు మూతగా కాగితం ఉండలు చుట్టి పెట్టేవాళ్లు. ఆయన ఆ కాగితాల మీద పాలతోనే రాసి బయటికి పంపాడు. పాలతో రాసింది ఆరిపోయాక కనబడదు. మంట సెగకు పట్టుకుంటే అక్షరాలు తేలతాయి. బయట ఉన్న స్నేహితుడికి ఆ కిటుకు తెలుసు. మతం పేరుతో ఎవరినీ హింసించకూడదని ఆ కాగితాల్లో వాదనలున్నాయి, వాటికి లేఖనాలు కూడా ఇచ్చాడు.

ఆ వాదనలు చేతులు మారి చివరికి కాటన్ దగ్గరికి వచ్చాయి. మీరేమంటారు అని అడిగితే ఆయన జవాబు రాశాడు. అది ప్రైవేటు జవాబు, అచ్చు కోసం రాసింది కాదు. విలియమ్స్ తన కొత్త కాలనీకి చార్టరు, అంటే అనుమతి పత్రం, తెచ్చుకునే పని మీద లండన్ వెళ్లి, 1644లో ఖైదీ వాదనల్నీ కాటన్ జవాబునీ కలిపి, దాని మీద తన ఖండన జోడించి పుస్తకం వేశాడు. పేరు "హింస అనే నెత్తుటి సిద్ధాంతం". సత్యం, శాంతి అనే ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు రాశాడు. ఖైదీ పాలతో రాస్తే కాటన్ నెత్తుటితో జవాబిచ్చాడన్నాడు. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆ పుస్తకాన్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చింది.

తనను అడగకుండా అచ్చు వేశారని కాటన్ నొచ్చుకున్నాడు. 1647లో ఆయన జవాబు వచ్చింది: "నెత్తుటి సిద్ధాంతం, గొర్రెపిల్ల రక్తంలో కడిగి తెల్లగా చేసినది". 1652లో విలియమ్స్ మళ్లీ అందుకున్నాడు: "కాటన్ కడగబోతే ఇంకా నెత్తురోడిన నెత్తుటి సిద్ధాంతం". పేర్లు చూస్తే వీధి తగాదా అనిపిస్తుంది. లోపల మాత్రం అధ్యాయానికి అధ్యాయం, మాటకు మాట జవాబు చెప్పుకున్నారు. ఎదుటివాడి వాదనను ముందు పెట్టి, తర్వాతే దాన్ని విప్పారు. ఈ పద్ధతి అంటే నాకు ఎంతో గౌరవం.

ప్రశ్న: మనస్సాక్షి కోసం ఎవరినీ శిక్షించకూడదని కాటన్ కూడా రాశారని చదివాను. మరి గొడవ దేనికి?

ఈ ప్రశ్న అడిగిన విద్యార్థికి ముందుగా అభినందనలు. వివాదమంతా ఇక్కడే ఉంది బాబూ, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

కాటన్ వాదన ఇలా నడుస్తుంది. సరైన జ్ఞానం ఉన్న మనస్సాక్షిని హింసించడం ఎవరికీ న్యాయం కాదు. పొరపాటు పడిన మనస్సాక్షి ఉన్నా, చిన్న విషయాల్లో అయితే సహించాలి. మూలమైన విషయాల్లో పొరపాటు పడ్డా కూడా వెంటనే శిక్షించకూడదు. ఒకసారి, రెండుసార్లు బుద్ధి చెప్పాలి. ఇక్కడ ఆయన తీతుకు రాసిన పత్రిక మూడో అధ్యాయం తీస్తాడు. మతభేదాలు కలిగించేవాడికి ఒకటి రెండు మార్లు బుద్ధి చెప్పి తర్వాత విసర్జించమని పౌలు అక్కడ రాశాడు. అలాంటివాడు "తనకు తానే శిక్ష విధించుకొనినవాడై" పాపం చేస్తున్నాడని కూడా అన్నాడు.

కాటన్ ఈ మాటను పట్టుకున్నాడు. మూల విషయాలు దేవుని వాక్యంలో ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఓపిగ్గా రెండుసార్లు వివరించాక ఎవరి మనస్సాక్షి అయినా ఒప్పుకోక తప్పదు అంటాడు. అప్పటికీ మొండికేస్తే ఆ మనిషి తన మనస్సాక్షికి లోబడి నడవడం లేదు, దానికి ఎదురు నడుస్తున్నాడు. అలాంటివాణ్ని శిక్షిస్తే మనస్సాక్షి కోసం శిక్షించినట్టు కాదు, సొంత మనస్సాక్షికి వ్యతిరేకంగా పాపం చేసినందుకు శిక్షించినట్టు.

నెమ్మదిగా మళ్లీ చదవండి. మొదటి మూడు మెట్లూ దయగలవే. తొందరపడొద్దు, చిన్న తప్పులు వదిలేయండి, ముందు ఓపిగ్గా చెప్పండి అంటున్నాడు. నాలుగో మెట్టుకు వచ్చేసరికి ఎదుటివాడి నోట్లో మాట లేకుండా పోయింది. "నాకు ఇంకా అలా అనిపించడం లేదండీ" అని అతను అనలేడు. అంటే అది అబద్ధం కిందే లెక్క. అతని గుండెలో ఏముందో అతని కంటే బోధకుడికే బాగా తెలుసన్న మాట. ఈ పుస్తకం నేను క్లాసులో చెప్పిన రోజుల్లో ఆ పేరా పక్కన పెన్సిలుతో "ఎలా తెలుసు?" అని రాసుకున్నాను. ఇప్పటికీ ఆ మాట చెరపలేదు.

విలియమ్స్ సరిగ్గా ఇక్కడే కొట్టాడు. హింసించేవాళ్లెవరూ మేం మనస్సాక్షిని హింసిస్తున్నామని ఒప్పుకోరు, అందరూ ఇదే మాట చెబుతారు అన్నాడు. నేను ఇంకొక అడుగు వేస్తాను. 1632లో హై కమిషన్ కోర్టు కాటన్‌ని పట్టుకుని, "మీకు ఇన్నేళ్లు చెప్పాం, మా ఆచారాలు సరైనవని మీ మనస్సాక్షికి ఈపాటికి తెలిసిపోయింది, మీరు కావాలనే మొండికేస్తున్నారు" అంటే ఆయన ఏం చెప్పేవాడు? ఆ వాదన ముందు ఆయనకు తప్పించుకునే దారి లేదు. అంత తెలివైన మనిషికి అది తోచకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ప్రశ్న: గోధుమలు, గురుగుల ఉపమానం మీద ఇద్దరూ కొట్లాడుకున్నారట. అందులో కొట్లాటకేముంది?

మత్తయి 13లో యజమాని, గురుగులు పీకొద్దు, కోతకాలం దాకా రెంటినీ కలిసి ఎదగనివ్వండి అంటాడు. విలియమ్స్‌కి ఇది కొండంత అండ. తప్పుడు మతం వాళ్లను కూడా ప్రభుత్వం జోలికి పోకుండా బతకనివ్వాలన్నదే దీని భావం అన్నాడు. కాటన్ ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో గురుగులంటే సంఘం లోపలే ఉన్న వేషధారులు. గోధుమలకూ వాళ్లకూ తేడా పైకి కనబడదు కాబట్టి వాళ్లను ఓర్చుకోవాలి. బాహాటంగా తప్పు బోధించేవాళ్లకు ఆ మినహాయింపు లేదు.

ఇందులో నేను విలియమ్స్ పక్షమే, ఎందుకంటే అదే అధ్యాయం 38వ వచనంలో యేసే అర్థం చెప్పాడు: "పొలము లోకము". సంఘం అనలేదు. కాటన్ దీనికి చెప్పిన సమాధానం, లోకమంటే లోకమంతా వ్యాపించిన సంఘం అని. అది నాకు అతుకులాగే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆన్ హచిన్సన్ ఆయన శిష్యురాలే కదా. ఆమెను కాటన్ ఎందుకు కాపాడలేదు? పిరికితనమా?

ఆమెది లింకన్‌షైర్‌లోని ఆల్ఫోర్డ్. కాటన్ ప్రసంగాల కోసమే 1634లో కుటుంబంతో సముద్రం దాటింది. బోస్టన్‌లో తన ఇంట్లో స్త్రీలను కూర్చోబెట్టి ఆయన ప్రసంగాలు వివరించేది. మనిషి రక్షణ పొందాడనడానికి అతని మంచి నడవడి రుజువు కాదు, దేవుని ఉచిత కృపే అంతా అన్నది కాటన్ గట్టిగా చెప్పే మాట. ఆమె దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, మిగతా బోధకులు క్రియల్ని, అంటే మంచి పనులతో రక్షణ అని, బోధిస్తున్నారని అంది.

అప్పుడు అనుమానం కాటన్ మీదికే వచ్చింది. తోటి బోధకులు ఆయనకు 16 ప్రశ్నలు రాసిచ్చి జవాబులు అడిగారు. ఆయన ఒక్కొక్కదానికీ రాశాడు. ఆ జవాబులు నాకు చాలా ఇష్టం. ఒత్తిడిలో ఉన్న మనిషి రాసినవని తెలుస్తుంది, అయినా ఎక్కడా మాట జారలేదు, మర్యాద తప్పలేదు. తాను నమ్మిన చోట వెనక్కి తగ్గలేదు కూడా. 1637లో సమావేశమైన సినడ్, అంటే సంఘాల బోధకుల సభ, 82 తప్పుడు బోధలు జాబితా వేసి ఖండించింది. ఆ నవంబరులో కోర్టు విచారణకు వచ్చినప్పుడు కాటన్ ఆమె తరఫునే మాట్లాడాడు. ఆయన సాక్ష్యంతో కేసు కాస్త మెత్తబడింది కూడా. కానీ దేవుడు తనకు నేరుగా బయలుపరిచాడని ఆమె తనంతట తానే చెప్పింది. దాంతో ఎవరూ కాపాడలేని స్థితి వచ్చింది.

1638 మార్చిలో సంఘ విచారణ జరిగింది. అక్కడ ఆమెకు బహిరంగంగా గద్దింపు చదివింది కాటనే. వారం తర్వాత వెలివేత ప్రకటించింది పాస్టరు జాన్ విల్సన్. కొన్నేళ్లకు స్కాట్లండు ప్రెస్బిటేరియన్ బోధకుడు రాబర్ట్ బెయిలీ ఈ పాత వ్యవహారం తవ్వి దెప్పితే, కాటన్ 1648లో జవాబుగా ఒక పుస్తకం రాసి తన వైపు కథ చెప్పుకున్నాడు.

పిరికితనమా అంటే, నేను ఆ మాట అనను. చివర్లో ఆమె చెప్పిన కొన్ని విషయాలు, ముఖ్యంగా శరీర పునరుత్థానం గురించి అన్నవి, ఆయన నిజంగానే భయంకరమైన తప్పులనుకున్నాడు. కానీ ఆమెకు మొదటి నుంచి చెప్పింది తనే. ఆ గద్దింపు చదివే పని ఇంకెవరికైనా వదిలేసి ఉండాల్సింది. ఇది నా అభిప్రాయం, పాఠకులు విభేదించవచ్చు.

ప్రశ్న: విలియమ్స్ బహిష్కరణ గురించి కాటన్ ఎక్కడైనా బాధపడ్డారా?

లేదమ్మా. తీర్పు ఇచ్చింది కోర్టు, నేను కాదు అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఈ దేశంలో బహిష్కరణ అంటే బంధనం కాదు, విశాలం కావడమే అని కూడా రాశాడు. ఒక చిన్న అధికార పరిధి దాటితే చాలు, చుట్టూ ఎంతో సారవంతమైన నేల ఉంది, నచ్చిన చోటు ఎంచుకోవచ్చు అన్నాడు. రాసింది వెచ్చని గదిలో కూర్చుని. విలియమ్స్ మాత్రం 14 వారాలు చలికాలంలో తిండి, పక్క అంటే ఏమిటో ఎరగకుండా తిరిగానని ముసలితనంలో కూడా మరిచిపోలేక ఉత్తరంలో రాసుకున్నాడు. నరగాన్సెట్ ప్రాంతపు మూలవాసులు ఆదుకోకపోతే ఆయన బతికేవాడు కాదు.

ఇంతకంటే కష్టమైనది 1651లో వచ్చింది. ఆ జులైలో ప్రావిడెన్స్ ఉన్న రోడ్ ఐలండ్ నుంచి ముగ్గురు బాప్టిస్టులు లిన్ ఊరికి ఒక గుడ్డి ముసలాయన్ని చూడ్డానికి వస్తే, ఇంట్లో ఆరాధన చేస్తున్నారని పట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన ఒబదయా హోమ్స్‌కి 30 పౌండ్ల జరిమానా వేశారు. స్నేహితులు కడతామన్నా ఆయన వద్దన్నాడు. సెప్టెంబరులో బోస్టన్ వీధిలో 30 కొరడా దెబ్బలు కొట్టారు. గులాబీలతో కొట్టినట్టుంది అని ఆయన అధికారులతో అన్నాడు.

కాలనీ స్థాపకుల్లో ఒకరైన సర్ రిచర్డ్ సాల్టన్‌స్టాల్ అప్పటికి ఇంగ్లండులో ఉన్నాడు. వార్త విని, మీరు మనస్సాక్షి పేరుతో మనుషుల్ని కొట్టి జైల్లో పెడుతున్నారట, వినలేకపోతున్నాను అని కాటన్‌కీ విల్సన్‌కీ ఉత్తరం రాశాడు. కాటన్ జవాబులో హోమ్స్ ఆ దెబ్బలు కోరి తెచ్చుకున్నవే అన్నాడు. జైల్లో తిండి ఇంటి తిండి కంటే తీసిపోదనీ, హోమ్స్ ఎన్నో ఏళ్లుగా అంత మంచి బట్టలు వేసుకుని ఉండడనీ రాశాడు. బలవంతంగా చర్చికి రప్పిస్తే వేషధారులు తయారవుతారు కదా అన్న మాటకు ఆయన సమాధానం: భక్తిహీనుల కంటే వేషధారులే నయం, వాళ్లు కనీసం శరీరాన్నయినా దేవుడికి ఇస్తారు.

ఆ బట్టల మాట చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేసినట్టవుతుంది. 16 ప్రశ్నలకు అంత నిండుగా జవాబిచ్చిన చెయ్యేనా ఇది రాసింది? కాటన్‌ని ఆయన రాతల్లోంచే చదవమన్నది ఇందుకే. విలియమ్స్ చెబితే శత్రువు మాట అనుకుంటాం. ఇది కాటన్ సొంత సంతకంతో ఉంది.

ప్రశ్న: నేను బైబిలు కాలేజీ విద్యార్థిని. కాటన్‌ని చదవాలంటే దేనితో మొదలుపెట్టాలి? పాత ఇంగ్లీషు అంటే టెన్షన్‌గా ఉంది.

చిన్నదానితో మొదలుపెట్టు. 1646లో అచ్చయిన "శిశువులకు పాలు" పిల్లల కోసం రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. తర్వాత "పరలోక రాజ్యపు తాళపుచెవులు", 1644. సంఘంలో అధికారం పెద్దలది ఎంత, సభ్యులది ఎంత అన్న చర్చ అది. ఇంగ్లండులో జాన్ ఓవెన్ అనే గొప్ప వేదపండితుడు ఆ పుస్తకాన్ని ఖండిద్దామని చదవడం మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ కాటన్ పక్షానికి మారిపోయాడు.

పాత అచ్చులో చిన్న ఎస్ అక్షరం చాలాచోట్ల ఎఫ్‌లా కనబడుతుంది. అది ఒక్కటి అలవాటైతే సగం భయం పోతుంది. స్పెల్లింగు ఒకే పేజీలో రెండు రకాలుగా ఉన్నా కంగారుపడకు, పైకి చదివితే మాట తెలిసిపోతుంది.

నెత్తుటి సిద్ధాంతం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒక పుస్తకం పూర్తి చేసి ఇంకొకటి తీయొద్దు. 19వ శతాబ్దంలో నరగాన్సెట్ క్లబ్ వాళ్లు విలియమ్స్ రచనల్ని మళ్లీ అచ్చు వేశారు, లైబ్రరీల్లో అడుగు. 1644 పుస్తకంలో ఒక అధ్యాయం చదువు, దానికి కాటన్ 1647లో ఇచ్చిన జవాబు చదువు, ఆ జవాబుకు విలియమ్స్ 1652లో ఏమన్నాడో చూడు, అప్పుడు రెండో అధ్యాయానికి వెళ్లు. తీతు పత్రిక మీద ఉన్న అధ్యాయాల దగ్గర తొందరపడకు. ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీ సంఖ్య వేసి నాకు రాయి.

మేరీ డయ్యర్ గురించి, 1659 నుంచి 1661 దాకా బోస్టన్‌లో ఉరితీసిన క్వేకర్ల గురించి అడిగినవాళ్లకు వచ్చే సంచికలో రాస్తాను.